ఏటా మాత్రలు మింగిస్తున్నారు, ఏటా పురుగులు మళ్ళీ వస్తున్నాయి: విక్టోరియా సరస్సు ఒడ్డు నుంచి ఒక ప్రశ్న

సరస్సుగట్టు (మ్వాంజా, టాంజానియా) | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది భీమవరం పక్కన పల్లె. మ్వాంజాలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్తాను, ఏడేళ్లయింది.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుక్కి తొమ్మిదేళ్లు. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం కుండలా ముందుకొచ్చింది. విరేచనంలో రక్తం పడుతోందని చెబితే ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి నర్సు పొట్ట నొక్కి చూసి "కిచోచో" అంది. నీళ్లలోంచి ఒంట్లోకి చేరే పురుగుల జబ్బు షిస్టోసోమియాసిస్‌ను ఇక్కడ అలాగే అంటారు. పరీక్షలో పురుగు గుడ్లు కనిపించాయి.

నాకు అర్థం కానిది ఏమిటంటే, పోయిన ఏడాది వీడి బడిలో అందరికీ మాత్రలు ఇచ్చారు. పిల్లల్ని గీతలున్న కర్ర పక్కన నిలబెట్టి, ఎత్తును బట్టి ఇన్ని మాత్రలని లెక్కకట్టి ఎదురుగానే మింగించారు. వీడూ మింగాడు. ఏడాది తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు వారాల్లో మళ్ళీ మాత్రల రోజు ఉందట. "మళ్ళీ వచ్చేదానికి మళ్ళీ ఎందుకు మింగాలి?" అని వాళ్లమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. జబ్బు ఉందో లేదో చూడకుండా బడి మొత్తానికి మందు ఇవ్వడం సరైనదేనా అని నాకూ అనుమానంగానే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

---

పురుగులపాఠం (గుంటూరు) | సోమవారం, రాత్రి 10:25

తమ్ముడూ, నేను మెడికల్ కాలేజీలో పరాన్నజీవుల పాఠం చెబుతాను. ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే.

మీ సరస్సు ఒడ్డున ఉండేది షిస్టోసోమా మాన్సోనై. పేగుల చుట్టూ ఉండే రక్తనాళాల్లో ఆడ, మగ పురుగులు జంటగా ఏళ్ల తరబడి బతుకుతాయి. నిజానికి మనిషిని దెబ్బతీసేది పురుగు కాదు, అది పెట్టే గుడ్లు. సగం గుడ్లు విరేచనంలో బయటికి పోతే మిగతావి కాలేయంలో, పేగు గోడల్లో ఇరుక్కుపోతాయి. వాటి చుట్టూ ఒళ్లు వాచి గట్టిపడుతుంది. ఆ కుండలాంటి పొట్ట అందుకే. సరస్సుకు దూరంగా, లోపలి ఊళ్లలో చెరువులూ కుంటలూ ఉన్నచోట ఇంకో రకం ఉంటుంది, హిమటోబియం. అది మూత్రాశయం చుట్టూ చేరుతుంది. మూత్రం ఎర్రగా వస్తుంది, ముదిరితే మూత్రాశయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఆడవాళ్లకు లోపల పుండ్లు పడతాయి, వాటిని సుఖవ్యాధి అనుకుని వాళ్లు నోరు విప్పరు.

మీరు చూసిన మాత్ర ప్రాజిక్వాంటెల్. ఒంట్లో ఉన్న పెద్ద పురుగుల్ని చంపుతుంది. లేత పురుగుల మీద సరిగా పనిచేయదు, మళ్ళీ సోకకుండా ఆపే శక్తి అసలే లేదు. దీని పిల్లపురుగులు పెరిగేది నత్తల్లోనే, కాబట్టి ఒడ్డున నత్తలు ఉన్నంతకాలం నీళ్లలో అవి ఉంటాయి. పిల్లాడు నడుంలోతు నీళ్లలో నిలబడితే కొద్ది నిమిషాల్లో చర్మం గుండా దూరిపోతాయి. ఎండ బాగా కాసే మధ్యాహ్నం పూటే నత్తల్లోంచి ఎక్కువగా బయటికొస్తాయి. పిల్లలు ఈతకు దిగేదీ అప్పుడే.

కాబట్టి మాత్ర దండగ కాదు. ఏడాదికోసారి ఆ గుడ్ల బరువు దించితే కాలేయం గట్టిపడేదాకా పోదు. ఆవిడతో ఇలా చెప్పండి: ఇల్లు రోజూ ఊడుస్తాం, రేపు మళ్ళీ దుమ్ము పడుతుందని ఊడవడం మానం కదా.

---

సరస్సుగట్టు | సోమవారం, రాత్రి 10:50

ధన్యవాదాలు అక్కా. ఊడ్చే మాట ఆవిడకు ఇట్టే ఎక్కుతుంది. పరీక్ష సంగతి కూడా చెప్పండి. మనకు జ్వరమొస్తే రక్తం చూశాకే మందు రాస్తారు కదా?

---

పురుగులపాఠం | సోమవారం, రాత్రి 11:05

ఆ పరీక్షకు ప్రతి పిల్లాడి దగ్గరా విరేచనం తీసుకోవాలి. చిన్న చిల్లు ఉన్న అచ్చులో 41.7 మిల్లీగ్రాములు నింపి, గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద గుడ్లు లెక్కపెట్టాలి. గుడ్లు తక్కువగా ఉంటే ఒక్క పలకలో దొరక్కపోవచ్చు కూడా. ఒక టెక్నీషియన్ రోజంతా కూర్చున్నా ఒక్క బడి పూర్తికాదు. మాత్ర ఖర్చు కంటే పరీక్ష ఖర్చే ఎక్కువ. ప్రాజిక్వాంటెల్ చాలావరకు సురక్షితమైన మందు, ఒంట్లో పురుగు లేనివాడు మింగినా పెద్దగా హాని ఉండదు. అందుకే ముందు కొన్ని బడుల్లో నమూనా తీసి ఆ ప్రాంతంలో జబ్బు ఎంత ఉందో చూస్తారు. ఎక్కువ ఉంటే పరీక్ష లేకుండా అందరికీ ఇస్తారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నూటికి పదిమందికి పైగా జబ్బు ఉన్నచోట రెండేళ్ల పిల్లల నుంచి పెద్దల దాకా అందరికీ ఇవ్వాలి.

---

లెక్కలచదువు (హైదరాబాద్) | మంగళవారం, ఉదయం 7:15

ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. దీని గురించి మా క్లాసులో పెద్ద వాదనే జరిగింది, అందుకే రాస్తున్నా.

1998లో మొదలుపెట్టి కెన్యాలో, ఉగాండా సరిహద్దున ఉన్న బుసియా ప్రాంతంలో 75 బడుల్లో విడతలవారీగా నులిపురుగుల మందు ఇచ్చి చూశారు. మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ 2004లో ప్రచురించిన ఫలితం ప్రకారం బడి ఎగ్గొట్టడం నాలుగో వంతు తగ్గింది. మందు మింగని పిల్లలకూ, పక్క బడులకూ మేలు జరిగింది, ఎందుకంటే మట్టిలో గుడ్లు తగ్గాయి. పరీక్ష మార్కులు మాత్రం పెరగలేదు. క్రెమర్‌కు 2019లో నోబెల్ వచ్చింది.

అయితే 2015లో లండన్ పరిశోధకులు అదే డేటాను మళ్ళీ లెక్కగట్టి కొన్ని పొరపాట్లు చూపించారు. పక్క బడులకు జరిగిందన్న మేలు అంత దూరం నిలబడదన్నారు. ప్రపంచం నలుమూలలా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షల్లో కూడా పిల్లలందరికీ ఇస్తే సగటు బరువు, రక్తం పెద్దగా పెరిగినట్టు తేలలేదు. మరి కోట్ల మాత్రలు పంచడం ఎంతవరకు సబబు? ఆ డబ్బు మరుగుదొడ్లకు పెట్టకూడదా? విమర్శించాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

---

పురుగులపాఠం | మంగళవారం, ఉదయం 8:00

బాబూ, మంచి ప్రశ్న. సగటు అనే మాట దగ్గరే చిక్కు. వందమంది పిల్లల్లో పదిమంది ఒంట్లోనే పురుగుల్లో ఎక్కువ భాగం ఉంటాయి. ఆ పదిమందికి జరిగే మేలు వందమంది సగటులో కలిసిపోతుంది. పైగా నువ్వు చెప్పినవి ఎక్కువగా ఏలికపాములు, కొంకిపురుగుల మీద జరిగినవి. షిస్టోసోమా వేరు, దాని గుడ్లు కాలేయాన్ని, మూత్రాశయాన్ని పాడుచేస్తాయి. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

---

కంపాలామందులు (ఉగాండా) | మంగళవారం, మధ్యాహ్నం 1:30

కంపాలాలో మందుల షాపు నడుపుతున్నాను, పదకొండేళ్లుగా.

లెక్కలచదువు తమ్ముడికి ఒక చేర్పు. ఆ కెన్యా పిల్లల్ని వదిలేయలేదు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్ళీ వెతికి పట్టుకుని చూస్తే, ఎక్కువ ఏళ్లు మందు అందినవాళ్ల గంట సంపాదన మిగతావాళ్ల కంటే దాదాపు 13 శాతం ఎక్కువగా ఉందని 2021లో రాశారు. దాని మీదా వాదనలు ఉండొచ్చు. కానీ ఏడాదికి ఒక పిల్లాడికి అర డాలరు లోపు ఖర్చు, అది గుర్తుంచుకోండి. మరుగుదొడ్డి అర డాలరుకు రాదు.

మందు సంగతి కూడా. ప్రాజిక్వాంటెల్ 600 మిల్లీగ్రాములది, పెద్ద మాత్ర. చప్పరిస్తే చేదు విషం, కొందరు పిల్లలు నోట్లోంచి తీసి పారేస్తారు. ఎత్తును బట్టి ఒకటి నుంచి ఐదు దాకా మింగాలి. ఖాళీ కడుపుతో ఇస్తే కడుపులో మెలిపెడుతుంది, తల తిరుగుతుంది, వాంతి అవుతుంది. పురుగులు ఎక్కువ ఉన్న పిల్లాడికి ఆ బాధ ఇంకా ఎక్కువ. 2008లో మీ టాంజానియాలోనే, మొరొగొరోలో ఏం జరిగిందో అక్కడి పాతవాళ్లని అడగండి. తల్లిదండ్రులకు ముందుగా సరిగ్గా చెప్పకుండా బడుల్లో మాత్రలిచ్చారు. పిల్లలకు కడుపునొప్పి వచ్చేసరికి "పిల్లలు చచ్చిపోతున్నారు" అన్న పుకారు లేచింది. జనం బడుల మీదకు వచ్చారు, పోలీసులు దిగారు. కార్యక్రమం ఆగిపోయింది.

మందు తప్పు కాదు. పెట్టాల్సిన గంజి పెట్టలేదు, చెప్పాల్సిన మాట చెప్పలేదు.

---

ఫైలేరియాతాత (కాకినాడ) | మంగళవారం, రాత్రి 8:10

నేను ఫైలేరియా విభాగంలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆఫ్రికా చూడలేదు. కానీ పైన మొరొగొరో సంగతి చదువుతుంటే మా గోదావరి ఊళ్లే కళ్లముందు కనపడ్డాయి.

బోదకాలు పురుగు పిల్లలు పగలు రక్తంలో దొరకవు, రాత్రే తిరుగుతాయి. అందుకని రాత్రి తొమ్మిది దాటాక లాంతరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి వేలు పొడిచి రక్తం తీసేవాళ్లం. నిద్రలో లేపితే తిట్టినవాళ్లున్నారు, కుక్కల్ని ఉసిగొల్పినవాళ్లున్నారు. 2004 నుంచి సామూహికంగా డీఈసీ అనే బోదకాలు మాత్రలు పంచడం మొదలైంది. రిజిస్టరులో నూటికి తొంభై అని రాసేవాళ్లు. ఒకసారి పంపిణీ అయిన మర్నాడు ఒక కాలువ గట్టున నడుస్తుంటే తెల్లటి మాత్రలు గడ్డిలో కుప్పగా కనపడ్డాయి. వంగి ఏరితే ముప్పై ఆరు. పుచ్చుకున్నారు, మింగలేదు. ఆ రోజు నుంచి మా కుర్రాళ్లకు ఒకటే మాట చెప్పేవాణ్ని: చేతిలో పెట్టింది పంపిణీ కాదు, గొంతు దిగిందే పంపిణీ.

మింగనివాళ్లు ఎందుకు మింగలేదో కనుక్కున్నాం. "నాకు కాలు వాయలేదుగా, నాకెందుకు?" అన్నవాళ్లే ఎక్కువ. వాచాక మింగితే లాభం తక్కువ. ఆ ఒక్క ముక్క చెప్పడానికి పుట్టిన ఊరి మనిషే కావాలి, జీపులో దిగినవాడు చెబితే వినరు.

బాబూ సరస్సుగట్టూ, అక్కడ మాత్రలిచ్చేది ఎవరు?

---

సరస్సుగట్టు | మంగళవారం, రాత్రి 9:00

నమస్కారం తాతగారూ. బడిలో టీచర్లే ఇస్తారు. బోదకాలు, రివర్ బ్లైండ్‌నెస్ (ఈగ కుట్టి ఒంట్లో చేరే పురుగు వల్ల చూపు పోయే జబ్బు) ఉన్న జిల్లాల్లో ఊరే ఒకరిని ఎన్నుకుంటుందట.

---

నల్గొండఅక్షర | మంగళవారం, రాత్రి 9:35

తాతగారూ, మీ గడ్డిలో మాత్రల సంగతి చదివి గుండె కలుక్కుమంది. మా అమ్మకు ఎడమ కాలు బోదకాలు. నా చిన్నప్పుడు మా ఇంటికీ మాత్రలొచ్చాయి. నాన్న వాటిని గూట్లో పెట్టి "తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ గూట్లోనే నల్లబడిపోయాయి. ఇప్పుడు అమ్మకు నెలకోసారైనా చలిజ్వరం వస్తుంది, కాలు ఎర్రగా కమిలిపోతుంది. రోజూ రాత్రి సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా మెత్తటి గుడ్డతో ఒత్తి, మందు రాస్తాను.

ఆఫ్రికాలో బోదకాలును పూర్తిగా పోగొట్టిన దేశం ఏదైనా ఉందా? ఉంటే ఎలా చేశారో చెప్పండి.

---

పురుగులపాఠం | మంగళవారం, రాత్రి 10:20

ఉన్నాయమ్మా. సహారాకు దిగువన మొట్టమొదటిది టోగో, 2017లో. తర్వాత ఈజిప్టు, మలావీ. అన్నిచోట్లా పద్ధతి ఒకటే: ఏడాదికోసారి, కనీసం ఐదేళ్లు, ఊళ్లో నూటికి అరవై ఐదుమందికి తగ్గకుండా మింగించడం. పెద్ద పురుగు ముసలిదై చచ్చేదాకా దాని పిల్లలు దోమ నోటికి దొరక్కుండా చేయడమే కిటుకు. తర్వాత ఆరేడేళ్ల పిల్లల రక్తం పరీక్షిస్తారు. వాళ్లలో కనపడకపోతే కొత్తగా ఎవరికీ సోకడం లేదని లెక్క.

మనం వాడే డీఈసీ మాత్ర ఆఫ్రికాలో చాలాచోట్ల ఇవ్వరు. రివర్ బ్లైండ్‌నెస్ పురుగు ఉన్న మనిషికి డీఈసీ ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు, కంటికి కూడా దెబ్బ తగలొచ్చు. అందుకని అక్కడ ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ కలిపి ఇస్తారు.

అమ్మగారి కాలును మీరు చూసుకుంటున్న తీరు చాలా సరైనది. ఆ కడగడం, ఆరబెట్టడం వల్లే జ్వరాలు తగ్గుతాయి.

---

కంపాలామందులు | బుధవారం, ఉదయం 11:00

ఐవర్‌మెక్టిన్ మాట వచ్చింది కాబట్టి దాని కథ చెప్పకుండా ఉండలేను.

జపాన్‌లో ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలో సతోషి ఒమురా ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ బృందం దాని నుంచి మందు తీసింది, మొదట పశువుల కోసం. 1981లో సెనెగల్‌లో మనుషులకు ఇచ్చి చూశారు. 1987లో మెర్క్, "ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు" ఉచితంగా ఇస్తామని ప్రకటించింది, ఇప్పటికీ ఇస్తోంది. ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది.

రివర్ బ్లైండ్‌నెస్‌ను మోసేది నల్ల ఈగ. జోరుగా పారే ఏటి నీళ్లలో పెరుగుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో ఏటి ఒడ్డు భూములు బంగారం పండే భూములు, కానీ చూపు పోతుందని జనం ఊళ్లకు ఊళ్లే వదిలేసి పోయారు. చూపులేని తాత కర్ర ఒక కొస పట్టుకుంటే రెండో కొస పట్టుకుని మనవడు నడిపించేవాడు. ఆ మనవడికి బడి లేదు. 1974లో మొదలైన కార్యక్రమంలో హెలికాప్టర్ల నుంచి ఏటి నీళ్లలో మందు చల్లి ఈగ పిల్లల్ని చంపారు. తర్వాత మాత్రలు తోడయ్యాయి. 2002లో ఆ కార్యక్రమం ముగిసేసరికి దాదాపు రెండున్నర కోట్ల హెక్టార్ల భూమి మళ్ళీ సాగుకు పనికొచ్చింది. ఒంట్లో పెద్ద పురుగు పదిహేనేళ్ల దాకా బతుకుతుంది. మాత్ర దాన్ని చంపదు, దాని పిల్లల్ని చంపుతుంది. అందుకే అన్నేళ్లు ఆపకుండా మింగాలి. 2025 జనవరిలో నైజర్ దేశం దీన్ని పూర్తిగా ఆపేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది, ఆఫ్రికాలో మొదటిది అదే.

---

లెక్కలచదువు | బుధవారం, మధ్యాహ్నం 12:20

కర్ర పట్టుకున్న మనవడి సంగతి మా లెక్కల్లో ఎక్కడా రాదన్నా. ఒక్క అనుమానం. పరీక్ష లేకుండా అందరికీ ఇస్తే ఎవరికీ ప్రమాదం ఉండదా?

---

పురుగులపాఠం | బుధవారం, సాయంత్రం 5:45

ఉంది. కామెరూన్, కాంగో అడవి ప్రాంతాల్లో లోవా లోవా అనే ఇంకో పురుగు ఉంటుంది, కంటి తెల్లగుడ్డు మీద పాకుతూ కనిపిస్తుంది. రక్తంలో దాని పిల్లలు మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకు, అంటే మిల్లీలీటరుకు 30 వేలు దాటితే, ఐవర్‌మెక్టిన్ వల్ల మెదడు దెబ్బతిని కోమాలోకి పోవచ్చు. మరణాలు కూడా జరిగాయి. దాంతో ఆ ఊళ్లలో పంపిణీ ఏళ్లపాటు నిలిచిపోయింది. 2015లో కామెరూన్‌లోని ఒకోలాలో ఫోను కెమెరాతో పనిచేసే చిన్న పరికరంతో వేలి రక్తాన్ని అక్కడికక్కడే చూశారు. దాదాపు 16 వేలమందిని పరీక్షిస్తే మందు ఇవ్వకూడదని తేలింది రెండు శాతం మందికే, మిగతావాళ్లకు నిశ్చింతగా ఇచ్చారు. పరీక్ష ఎక్కడ కావాలో అక్కడ కావాల్సిందే.

---

జుట్టుగడ్డంశీను (విజయవాడ) | బుధవారం, రాత్రి 7:30

మా తమ్ముడు మలావీలో రెండేళ్లు పనిచేసి వచ్చాడు. అక్కడి సరస్సులో ఈత కొట్టేవాడు. ఇక్కడికొచ్చాక మూత్రంలో రక్తం. పేరు చెప్పను, ఒక పెద్ద ఆసుపత్రిలో నాలుగు నెలలు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ వాడించారు. చివరికి ఇంకో డాక్టరు "ఆఫ్రికాలో నీళ్లలో దిగావా?" అని అడిగాడు. ఒక్కరోజు మందుతో తగ్గింది. మన దగ్గర ఈ జబ్బు దాదాపు లేదు కాబట్టి డాక్టర్లకు తట్టదు. అక్కడినుంచి వచ్చేవాళ్లు మీరే ముందుగా చెప్పండి.

---

సరస్సుగట్టు | బుధవారం, రాత్రి 9:15

నిన్న ఆ పిల్లాడి బడికి వెళ్లి హెడ్ టీచరును కలిశాను. మంచి మనిషి. ఆయన చెప్పినదాంట్లో రెండు ముక్కలు నన్ను పట్టుకున్నాయి.

ఒకటి, గంజి. మొక్కజొన్న పిండితో చేస్తారు, ఉజి అంటారు. పోయిన ఏడాది పిండి సరిపోక చివరి రెండు తరగతులకు ఖాళీ కడుపునే మాత్రలిచ్చారు, నలుగురు వాంతి చేసుకున్నారు. ఈసారి పిండి, చక్కెర మిల్లు తరఫున ఇస్తామని మా మేనేజరు ఒప్పుకున్నారు.

రెండోది, మాత్రల రోజు బడికి రాని పిల్లలు. వాళ్లలో ఎక్కువమంది జాలర్ల పిల్లలే, అంటే నీళ్లలో అందరికంటే ఎక్కువగా ఉండేవాళ్లే. ఇక్కడ దగా అని వేలంత వెండి చేప దొరుకుతుంది. రాత్రి దీపాలు పెట్టి పడతారు. తెల్లారేసరికి ఒడ్డుకు తెచ్చి ఇసకలో ఆరబోస్తారు, ఆ ఆరబోత అంతా పిల్లలే చేస్తారు. ఎనిమిదేళ్ల పిల్ల వంగి రెండు చేతులతో చేపల్ని చల్లుతుంటే చూశాను, మోకాళ్ల దాకా నీళ్లే.

ఇంకో మాట. మా జిల్లాల్లోలాగా ఇక్కడా రొయ్యలు పెంచి, వాటితో ఈ నత్తల్ని తినిపించొచ్చా?

---

పురుగులపాఠం | బుధవారం, రాత్రి 9:50

భీమవరం బుద్ధి! సెనెగల్‌లో 1986లో డయామా ఆనకట్ట కట్టాక సముద్రం నుంచి రొయ్యలు ఏటిపైకి రాలేకపోయాయి, నత్తలు పెరిగి ఈ జబ్బు విరుచుకుపడింది. ఆ రొయ్య మన నీలకంఠ రొయ్యకు దగ్గరి చుట్టం. ఒక ఊళ్లో మళ్ళీ రొయ్యలు వదిలితే జబ్బు సోకిన నత్తలు తగ్గాయి. కానీ మీ విక్టోరియా సరస్సు సముద్రమంత ఉంటుంది, అక్కడ అది కుదిరే పని కాదు. ఒడ్డున మరుగుదొడ్డి, చేతిపంపు అయితే కుదురుతాయి.

---

కంపాలామందులు | గురువారం, ఉదయం 9:10

ఒక దిగులు కూడా చెప్పాలి. మాత్రలు కంపెనీలు ఉచితంగా ఇస్తాయి. ప్రాజిక్వాంటెల్‌ను జర్మనీ మెర్క్ ఇస్తుంది, పైన చెప్పిన అమెరికా మెర్క్ వేరు. కానీ ఓడరేవు నుంచి ఊరి దాకా లారీ కిరాయి, టీచర్ల శిక్షణ, రిజిస్టర్లు ఎవరో ఒకరు భరించాలి. 2006 నుంచి అందులో పెద్ద వాటా అమెరికా ప్రభుత్వానిది. 2025 మొదట్లో అది ఆగిపోయింది. అంతకుముందు 2021లో బ్రిటన్ కూడా కోత పెట్టింది. ఐదేళ్లలో ముగిసే పని మూడో ఏడు ఆపితే మళ్ళీ మొదటికి వస్తుంది. నాకు భయమేస్తోంది, నిజంగా.

---

ఫైలేరియాతాత | గురువారం, ఉదయం 10:30

బాబూ సరస్సుగట్టూ, డబ్బు మన చేతిలో లేదు, తేదీ ఉందేమో చూడు. మా దగ్గర కోతల వారంలో పంపిణీ పెడితే ఇళ్లకు తాళాలే కనపడేవి. రాత్రి దీపాలు పెట్టి పట్టే చేప అన్నావు. మరి వెన్నెల రాత్రుల్లో ఏం చేస్తారు?

---

సరస్సుగట్టు | గురువారం, రాత్రి 8:45

తాతగారూ, మీకు దండం. వెన్నెల ఉంటే దీపానికి చేప రాదు. పౌర్ణమికి అటూ ఇటూ వారంపాటు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు. ఈసారి పెట్టిన తేదీ సరిగ్గా అమావాస్య దగ్గర పడింది! హెడ్ టీచరుకు ఫోన్ చేసి చెబితే ఒక నిమిషం మాట్లాడలేదు. తేదీ జిల్లా వాళ్లు వేస్తారు, మార్చడం ఆయన చేతిలో లేదు. కానీ ఆ రోజు రానివాళ్ల పేర్లు రాసిపెట్టి, మిగిలిన మాత్రలు దాచి, పౌర్ణమి వారంలో ఒడ్డుకే వెళ్లి మింగించడానికి జిల్లా ఆరోగ్య అధికారిని అనుమతి అడుగుతానన్నారు.

---

నల్గొండఅక్షర | గురువారం, రాత్రి 9:20

అన్నా, అనుమతి వచ్చిందో లేదో తప్పకుండా రాయండి. ఎదురుచూస్తుంటాను.

---

సరస్సుగట్టు | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:10

ఆలస్యానికి క్షమించండి. అనుమతి వచ్చింది.

బడిలో మాత్రల రోజు ముందు గంజి, తర్వాత అరగంట ఆట, ఆ తర్వాత కర్ర. ఒక్కరే వాంతి చేసుకున్నారు. మా ఇంటావిడ కొడుకు పోయిన ఏడాది కంటే ఒక గీత పైకి వచ్చాడు, మాత్ర ఒక సగం పెరిగింది. వాళ్లమ్మ వరుస పక్కనే నిలబడి, ఏడుస్తున్న ఇంకో పిల్ల తల్లికి ఇల్లు ఊడ్చే మాట చెబుతోంది.

రానివాళ్లు ముప్పై ఎనిమిది మంది. నిన్న సాయంత్రం ఒడ్డుకు వెళ్లాం: హెడ్ టీచరు, ఒక నర్సు, నేను, ఒక బకెట్టు గంజి. పడవలు బోర్లించి ఉన్నాయి. కర్రను ఒక పడవకు ఆనించి నిలబెట్టారు. ఇరవై తొమ్మిది మంది మింగారు. తండ్రులు కొందరు "మాకు లేవా?" అని అడిగారు. వాళ్లకు ఇవ్వడానికి మాత్రలు లేవు, నర్సు వాళ్ల పేర్లు రాసుకుంది. మిగిలిన తొమ్మిదిమంది పిల్లలు పక్క దీవికి వెళ్లారట, మంగళవారం పడవ ఉంది.